రెండు గువ్వలు చాలు: చేతిలో డబ్బు తక్కువైనప్పుడు పిల్లలకు క్రిస్మస్ కానుకలు



డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్లలో రెండు మాటలు వినబడతాయి. ఒకటి పాట. రెండవది లెక్క. పిల్లలు క్యారల్స్ నేర్చుకుంటూ ఉంటారు, తల్లిదండ్రులు వేళ్ల మీద లెక్క వేసుకుంటూ ఉంటారు. ఇంటి అద్దె, స్కూలు ఫీజు, గ్యాసు, ఊరికి వచ్చిపోయే ఖర్చు, ఆ తరువాత పండుగ బట్టలు, కేకు. అన్నీ పోగా పిల్లలకు ఏదైనా కొనిపెట్టడానికి మిగిలేది రెండు మూడు వందలు. కొన్ని ఇళ్లలో అదీ ఉండదు. ఈ వారం ఆ రెండు మూడు వందల గురించే రాస్తున్నాను. ఇది వాక్యమునకు దూరమైన విషయమని అనుకోవద్దు. మన ప్రభువు పుట్టిన ఇంట్లో కూడా ఇదే లెక్క వేశారని లేఖనములే చెబుతున్నాయి.

నెలకు రెండు శనివారాలు నేను ఎల్బీనగర్ వైపు గృహ ప్రార్థనలకు వస్తానని మీకు తెలుసు. కిందటి సంవత్సరం పండుగకు మూడు వారాల ముందు, అక్కడ ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గదిలో ప్రార్థన ముగించాక, ఆ ఇంటి సహోదరి నాతో తన మనసులో మాట చెప్పింది. ఆమె అనుమతితోనే, పేరు లేకుండా రాస్తున్నాను.

"అయ్యగారూ, పండుగకు ఫైనాన్సుల ఐదు వేలు తీసుకుందామనుకుంటున్న. పిల్లగాడు రిమోట్ కారు, రిమోట్ కారు అని ఒకటే ఏడుపు. పై ఫ్లాటోళ్ల బాబుకు ఉన్నది. వాడు కింద నడుపుతుంటే నా కొడుకు మెట్ల మీద కూసొని సూస్తుంటడు. ఆ సూపు నేను సూడలేకపోతున్న."

"వడ్డీ ఎంతమ్మా?" అని అడిగాను.

"నూటికి ఐదు రూపాలు."

ప్రియులారా, ఈ ఐదు రూపాయల వడ్డీ అనే మాట మనకు ఎంత అలవాటైపోయిందంటే, అది ఎంత బరువో ఎవరూ ఆగి లెక్కపెట్టరు. ఆమె ముందే కాగితం మీద వేసి చూపించాను. ఐదు వేలకు నెలకు 250 రూపాయలు. సంవత్సరానికి 3,000 రూపాయలు. అంటే మళ్లీ క్రిస్మస్ వచ్చేసరికి మూడు వేలు కట్టి కూడా అసలు ఐదు వేలు అలాగే ఉంటుంది. అప్పటికి ఆ కారు ఉంటుందా? బ్యాటరీ పోయి, చక్రం ఊడి, మంచం కింద పడి ఉంటుంది. బొమ్మ పోయినా అప్పు పోదు. సామెతలు 22:7లో సొలొమోను చెప్పిన మాట మీకు తెలిసినదే: అప్పు తీసుకున్నవాడు ఇచ్చినవానికి దాసుడవుతాడు. పిల్లవాని సంతోషం కోసం తల్లి దాసురాలు కావాలని ఏ పిల్లవాడూ కోరుకోడు. వానికి ఆ సంగతి తెలియదు, అంతే.

ఫోనులో నిమిషంలో డబ్బు వేసే లోన్ యాప్‌ల సంగతి ఇంకా భయంకరం. 2020 డిసెంబరులో, సరిగ్గా ఈ పండుగ నెలలోనే, ఆ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మన రాష్ట్రంలో కొందరు ప్రాణాలు తీసుకుంటే, హైదరాబాదు పోలీసులు ఆ కాల్ సెంటర్ల మీద దాడులు చేసి మనుషులను అరెస్టు చేశారు. పండుగ కోసం దయచేసి ఆ తలుపు తట్టకండి. పిల్లలకు రోగం వస్తే అప్పు చేయవలసి రావచ్చు. కానుక కోసం వద్దు.

"మరి నా కొడుకుకు ఏం ఇయ్యాలె అయ్యగారూ?" అని ఆమె అడిగింది. వద్దని చెప్పడం సులువు. ఏం చేయాలో చెప్పడమే కష్టం. వాక్యములోనుండి, ఆ తరువాత మన బజారులోనుండి, నాకు తెలిసినంత చెబుతాను.

గొర్రెపిల్ల కొనలేని తల్లిదండ్రులు

లూకా సువార్త 2వ అధ్యాయము మనం ప్రతి క్రిస్మస్‌కు చదువుతాం. గొర్రెల కాపరుల దగ్గర ఆగిపోతాం. కాస్త ముందుకు వెళ్లి 22 నుండి 24 వచనాలు చూడండి. బాలుడు పుట్టిన తరువాత ధర్మశాస్త్రము చెప్పిన దినములు గడిచాక, మరియ యోసేపులు ఆయనను యెరూషలేము దేవాలయమునకు తీసుకువెళ్లారు. అర్పణగా వారు తెచ్చింది పక్షులు: రెండు గువ్వలు గాని, రెండు పావురపు పిల్లలు గాని.

ఇది చిన్న వివరమని దాటిపోవద్దు. లేవీయకాండము 12వ అధ్యాయము తెరిస్తే, బిడ్డను కన్న తల్లి తీసుకురావలసినది ఏడాది వయసున్న గొర్రెపిల్ల, దానితో పాటు ఒక పక్షి. 8వ వచనములో మాత్రం ఒక వెసులుబాటు ఉన్నది: గొర్రెపిల్లను కొనలేని స్త్రీ రెండు పక్షులు తెస్తే సరిపోతుంది. మరియ తెచ్చినది ఆ రెండవ అర్పణ. అంటే లోకరక్షకుడు పుట్టిన ఇల్లు గొర్రెపిల్ల కొనలేని ఇల్లు.

ఇందులో నన్ను ఆదరించే సంగతులు రెండు. మొదటిది, దేవుడు తన ధర్మశాస్త్రములోనే పేదవాని జేబును గుర్తుపెట్టుకున్నాడు. చేతిలో లేనివాడు అప్పు చేసైనా గొర్రెపిల్లను తేవాలని ఆయన అనలేదు. రెండవది, యాజకుడు ఆ పక్షులను రెండవ రకం అర్పణగా చూడలేదు. గొర్రెపిల్ల తెచ్చిన స్త్రీకి ఏ మాట చెప్పబడినదో, పక్షులు తెచ్చిన స్త్రీకి అదే మాట చెప్పబడినది. తక్కువ ఇచ్చినందుకు తక్కువ శుద్ధి జరగలేదు.

జ్ఞానులు బంగారము, సాంబ్రాణి, బోళము తెచ్చారు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని అవి దూరమునుండి వచ్చినవారు తమకు ఉన్నదానిలోనుండి ఇచ్చిన కానుకలు. యోసేపు ఆ బంగారాన్ని వడ్డీకి తెచ్చి కొడుకు ముందు పెట్టలేదు. యోసేపు చేయగలిగినది రెండు పక్షులు. అవి తెచ్చాడు. సిగ్గుపడలేదు.

మన ఇళ్లలో రెండు పక్షులు తెచ్చే స్థితి ఉన్నప్పుడు, గొర్రెపిల్ల తెచ్చిన పక్కింటివారిని చూచి తల వంచుకోకండి. మీరు తల వంచుకుంటే పిల్లలు చూస్తారు. కానుక చిన్నదని వారికి చెప్పేది దాని ధర కాదు, మన ముఖం.

సాంటా తాత గురించి ఒక మాట

మన సండే స్కూల్‌లో ఒక పాప నన్ను అడిగింది: "అయ్యగారూ, సాంటా తాత మంచి పిల్లలకే గిఫ్టులు ఇస్తడట గదా. మరి మా గల్లీల ఎవ్వరం మంచోళ్లం కాదా?"

ఆ ప్రశ్నకు నవ్వేవారు ఒక్క నిమిషం ఆలోచించండి. దిల్‌సుఖ్‌నగర్ షాపుల ముందు ఎర్ర బట్టల సాంటా నిలబడి ఉంటాడు. స్కూల్లోనూ ఒకాయన ఆ వేషం వేసుకుని చాక్లెట్లు పంచుతాడు. "మంచిగా ఉంటే సాంటా నీకు పెద్ద గిఫ్ట్ తెస్తాడు" అని పెద్దలు సరదాకే అంటారు. కాని పిల్లలు లెక్కలో మనకంటే గట్టివారు. డబ్బున్న ఇంటి పిల్లవానికి సైకిలు వచ్చింది, నాకు పెన్సిలు వచ్చింది. అయితే వాడు నాకంటే మంచివాడన్నమాట. ఆ లెక్క తప్పని వారికి ఎవరు చెబుతారు?

సువార్త ఆ లెక్కకు పూర్తిగా ఎదురు. దేవుడు తన కుమారుని ఇచ్చినది మనం మంచివారమని కాదు. కానుక అంటే కూలి కాదు. పని చేస్తే వచ్చేది కూలి, ప్రేమవలన వచ్చేది కానుక. రోమా పత్రికలో పౌలు చెప్పినదంతా ఈ ఒక్క తేడా మీదనే నిలబడి ఉన్నది. మన ఇంట్లో క్రిస్మస్ కానుకను మార్కులకో, మంచి ప్రవర్తనకో కడితే, కృప గురించి పది ప్రసంగాలు చెప్పినా పిల్లలకు అర్థం కాదు.

అందుకే నేను చెప్పేది ఇది: కానుక మీరే ఇచ్చారని పిల్లలకు తెలియనివ్వండి. "ఇది అమ్మ, నాన్న నీ కోసం తెచ్చారు" అనండి. సాంటా ఇచ్చాడంటే చిన్న కానుక చిన్న మార్కులా కనబడుతుంది. అమ్మ ఇచ్చిందంటే, అమ్మ ఎంత కష్టపడుతుందో తెలిసిన పిల్లవానికి అదే చిన్న కానుక వేరుగా కనబడుతుంది.

ఆ సాంటా కథ వెనుక ఉన్న మనిషిని మాత్రం మరచిపోవద్దు. ఆయన నాల్గవ శతాబ్దంలో మూర పట్టణపు బిషప్పు నికొలాసు. అపొస్తలుల కార్యములు 27:5లో పౌలును తీసుకువెళ్లినవారు ఓడ మారిన ఊరు అదే, ఇప్పుడు టర్కీ దేశములో ఉన్నది. ఆయన గురించి పాతకాలం నుండి చెప్పుకునే కథ మన ఊళ్లకు బాగా అర్థమవుతుంది: కట్నం ఇవ్వలేక ముగ్గురు ఆడపిల్లల పెళ్లి ఆగిపోయిన ఒక తండ్రి ఇంట్లోకి, రాత్రివేళ ఎవరికీ తెలియకుండా, బంగారు నాణేల సంచులు వేసి వెళ్లిపోయాడట. ఆ పిల్లలు మంచివారా కాదా అని అడగలేదు. ఫోటో కూడా దిగలేదు.

హన్నా కుట్టిన చిన్న అంగీ

ఇక కానుక ఎలా ఎంచుకోవాలి? దీనికి నాకు దొరికిన మంచి గురువు హన్నా. 1 సమూయేలు 2:19 చదవండి. కొడుకు దేవాలయములో ఉన్నాడు, తల్లి దూరంలో ఉన్నది. ప్రతి సంవత్సరం ఆమె ఒక చిన్న అంగీ కుట్టి, బలి అర్పించడానికి వెళ్లినప్పుడు తీసుకువెళ్లేది.

ప్రతి సంవత్సరం అంటే ఏమిటి? పిల్లవాడు పెరుగుతున్నాడు. కిందటి ఏడు కుట్టిన కొలత ఈ ఏడు సరిపోదు. కళ్లముందు లేని కొడుకు ఇప్పుడు ఎంత ఎత్తు ఉంటాడో, చేతులు ఎంత పొడవు అయి ఉంటాయో ఆ తల్లి సంవత్సరమంతా ఆలోచించి ఉంటుంది. ఆ అంగీ విలువ గుడ్డలో లేదు, ఆ ఆలోచనలో ఉన్నది. ఆ పిల్లవానికి తప్ప మరెవరికీ సరిపోని కానుక అది.

ఆ వాచ్‌మన్ ఇంటి సహోదరికి కూడా నేను ఇదే చెప్పాను. "కారు సంగతి పక్కన పెట్టమ్మా. ఒక వారం పిల్లవానిని గమనించు. వాడు దేని దగ్గర ఎక్కువసేపు ఉంటాడు, ఎవరితో ఉన్నప్పుడు నవ్వుతాడు, చూడు." వారం తరువాత ఆమె ఫోను చేసింది. "వానికి కారు మీద కంటే, ఆళ్లతో ఆడుకోవాలని ఉన్నది అయ్యగారూ. ఆ బాబు రిమోటు ముట్టనియ్యడు. అందుకే ఏడుస్తుండు."

వాళ్లు ఒక ప్లాస్టిక్ బ్యాటు, రెండు టెన్నిస్ బంతులు కొన్నారు. తండ్రి పాత చెక్కముక్కలతో మూడు వికెట్లు చేసి, కింద నిలబడేలా పీట బిగించి, రంగు వేశాడు. మొత్తం ఖర్చు మూడు వందల లోపే. కారును ఒక్కడే నడపవచ్చు, క్రికెట్ ఒక్కడే ఆడలేడు. కొన్ని సాయంత్రాలు పై ఫ్లాట్ల పిల్లలు కిందికి వస్తున్నారు. కొన్ని సాయంత్రాలు రావడం లేదు, అప్పుడు తండ్రి బంతి వేస్తాడు. పిల్లవాడు కారును పూర్తిగా మరచిపోయాడని చెప్పను, అప్పుడప్పుడు అడుగుతూనే ఉన్నాడట. కాని ఆ ఇంట్లో ఈ సంవత్సరం ఫైనాన్సు మనిషి తలుపు కొట్టలేదు.

మూడు వందల లోపు కొన్ని ఆలోచనలు

ఇప్పుడు సూటిగా చెబుతాను. ధరలు షాపును బట్టి అటూ ఇటూ ఉంటాయి, మీరు చూచుకోండి.

మూడేళ్ల లోపు పిల్లలకు బజారు బొమ్మ అవసరమే లేదు. మూతలున్న డబ్బాలు, స్టీలు గిన్నెలు, అమ్మ పాత చీరతో కుట్టి లోపల దూది కూర్చిన గుడ్డ బొమ్మ చాలు. బొమ్మకు గుండీలు కుట్టకండి, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. కళ్లు, ముక్కు దారంతో కుట్టండి. నాయనమ్మ, అమ్మమ్మ చీరలతో కుట్టిన చిన్న బొంత కూడా మంచి కానుక. డిసెంబరు చలికి పనికి వస్తుంది, పెద్దయ్యాక జ్ఞాపకంగా ఉంటుంది.

నాలుగు నుండి ఏడేళ్ల వారికి రంగులు, తెల్లకాగితాల పుస్తకం, కొంచెం మైదాతో ఇంట్లో ఉడికించిన జిగురు, పాత పెళ్లిపత్రికలు. పెళ్లిపత్రికలు కత్తిరించి నక్షత్రాలు, ఇళ్లు, గొర్రెలు అంటించనివ్వండి. పశువుల పాక బొమ్మ మొత్తం తయారవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుండి పెన్సిళ్లు, క్రేయాన్లు, రబ్బర్లు, నోటు పుస్తకాల మీద జీఎస్టీ తీసివేశారు. కొనేటప్పుడు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఎనిమిది నుండి పన్నెండేళ్ల వారికి తాడాట తాడు, షటిల్ బ్యాట్లు, చదరంగం, వైకుంఠపాళీ, బొంగరం. ఇవన్నీ ఇంకొకరితో కలిసి ఆడేవి. వాటితో పాటు మీ సమయం కూడా ఇస్తేనే కానుక పూర్తవుతుంది. ఊరిలో ఉన్నవారు తాటికాయలతో బండి చేసివ్వండి. పట్నంలో పెరుగుతున్న మన మనుమలు దాన్ని చూచి ఉండరు. మన తెలుగు నేల బొమ్మలు కూడా ఉన్నాయి: తెల్ల పొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలు, అంకుడు కర్రకు లక్క రంగులు పట్టించే ఏటికొప్పాక బొమ్మలు. పెద్దవి ఖరీదే గాని, ఏటికొప్పాక బొంగరం లాంటి చిన్నవి మనకు అందుతాయి.

పుస్తకాలకు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో ఉన్నవారు అదృష్టవంతులు. 2018 సెప్టెంబరు నుండి ఎల్బీనగర్ నుంచి మెట్రో నడుస్తున్నది కాబట్టి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి. అక్కడ పాత పుస్తకాల షాపుల్లో బొమ్మల కథల పుస్తకాలు కొత్తవాటిలో సగం ధరకో, ఇంకా తక్కువకో దొరుకుతాయి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్‌ల మీద పుస్తకాలు పెడతారు. ఆదివారం అన్నాను కదా అని ఆరాధన మానేసి వెళ్లకండి, మధ్యాహ్నం వెళ్లినా దొరుకుతాయి! హైదరాబాదు పుస్తక ప్రదర్శన కూడా సాధారణంగా డిసెంబరులోనే ఎన్టీఆర్ స్టేడియంలో జరుగుతుంది. తార్నాకలోని మంచి పుస్తకం వారు, నేషనల్ బుక్ ట్రస్ట్ వారు పిల్లల కోసం తెలుగులో తక్కువ ధర పుస్తకాలు వేస్తారు. చదవడం వచ్చిన బిడ్డకు సొంత బైబిలు ఇవ్వాలనుకుంటే, బైబిల్ సొసైటీ తెలుగు బైబిళ్లు తక్కువ ధరకే దొరుకుతాయి. మొదటి పేజీలో మీ చేతితో ఆ బిడ్డ పేరు, తేదీ, మీ ప్రార్థన రాయండి.

పెద్ద పిల్లలకు, అంటే పదమూడు దాటినవారికి, వస్తువు ఇచ్చే ముందు అడగండి. వారికి లెక్క అర్థమవుతుంది. "మన దగ్గర ఇంత ఉన్నది, నీకు ఏది అవసరం?" అని ఇంటి లెక్కలో కూర్చోబెట్టుకోవడమే వారికి ఒక గౌరవం.

వస్తువు కాకుండా ఒక దినాన్ని కూడా కానుకగా ఇవ్వవచ్చు. ఎల్బీనగర్ దాటాక వనస్థలిపురం దగ్గర విజయవాడ రోడ్డు పక్కనే మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. అక్కడ కృష్ణ జింకలు తిరుగుతాయి. ఇంట్లో పులిహోర కట్టుకుని ఒక పూట పిల్లలతో వెళ్లండి. ఊరి పిల్లలకు ఎల్బీనగర్ నుండి దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రో ఎక్కించండి. మెట్రో అంటే వారికి విమానంతో సమానం. తల్లులకు 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో టికెట్టు లేదు కాబట్టి, ఆధార్ కార్డు పెట్టుకుని బయలుదేరితే ఎల్బీనగర్ దాకా మీ ప్రయాణానికి ఖర్చు ఉండదు.

కొనేటప్పుడు గుర్తుంచుకోవలసినవి

బొమ్మ మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుండి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి. చేతివృత్తులవారు చేసే కర్ర బొమ్మలకు మినహాయింపు ఉంటుంది. గుండీ అంత చిన్న బ్యాటరీ ఉన్న లైటు బొమ్మలు పసిపిల్లలకు ఇవ్వకండి. బ్యాటరీ మింగితే ప్రాణానికే ప్రమాదం.

23, 24 తేదీల వరకు ఆగకండి. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో నడవడానికి చోటు ఉండదు, బేరమాడే ఓపికా ఉండదు. బేరం అన్నాను కాబట్టి ఇంకో మాట. పెద్ద షాపులో రాసిన ధర ఇచ్చి, ఫుట్‌పాత్ మీద కూర్చున్నవాని దగ్గర పది రూపాయల కోసం పోట్లాడకండి. అతనికీ ఇంటి దగ్గర పిల్లలు ఉన్నారు.

బట్టలు కొనేవారు పిల్లలకు కొంచెం వదులువి తీసుకుని, టైలరు దగ్గర లోపలికి మడిచి కుట్టించండి. వచ్చే సంవత్సరం విప్పుకోవచ్చు. పండుగ బట్టలే కానుక అనుకునే ఇల్లయితే, అది లోటు కాదు. దాన్నే కాగితంలో చుట్టి, పేరు రాసి, చేతికి ఇవ్వండి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న ఇంట్లో యాకోబును మరచిపోకండి. ఆదికాండము 37లో ఒక్క కొడుకుకు ఇచ్చిన అంగీ ఆ ఇంటిని ఎంతగా చీల్చిందో చూశాం. ధర సమానం కాకపోయినా ప్రేమ సమానంగా కనబడాలి. ముఖ్యంగా మగపిల్లవానికి బ్యాటు, ఆడపిల్లకు గిన్నెల సెట్టు అనే అలవాటు మానుకుందాం. మన పాపలు కూడా బంతి కొట్టగలరు.

పిల్లలు కూడా ఇవ్వాలి

మన తెలుగు సంఘాలలో పాతకాలం నుండి పిడికిటి బియ్యం ఉన్నది. తల్లి అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం మందిరానికి తెచ్చేది. చేతిలో రూపాయి లేని స్త్రీలు కూడా అలా ఇచ్చారు. మందిరాలు కట్టారు, సేవకులను పోషించారు. ఆ పద్ధతినే కానుకకు వాడుకోండి. జూలై నుండి వారానికి ఇరవై రూపాయలు ఒక డబ్బాలో వేస్తే, డిసెంబరు మధ్యకు దాదాపు ఐదు వందలు అవుతుంది. వడ్డీ లేదు, భయం లేదు. ఈ సంవత్సరం ఆలస్యమైతే, 25వ తేదీ సాయంత్రమే వచ్చే సంవత్సరానికి డబ్బా మొదలుపెట్టండి. పిల్లలను కూడా అందులో రూపాయి వేయనివ్వండి.

ఆ డబ్బాలో కొంత భాగం మనకంటే లేనివారి కోసం ఉండాలి. చైతన్యపురికి, ఎల్బీనగర్‌కు నడుమ విక్టోరియా మెమోరియల్ అనే మెట్రో స్టేషన్ ఉన్నది. రోజూ దాని మీదుగా వెళ్లేవారు కూడా ఆ పేరు ఎందుకు వచ్చిందో ఆలోచించరు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో సరూర్‌నగర్‌లో అనాథ పిల్లల కోసం మొదలైన విక్టోరియా మెమోరియల్ హోం పేరు అది. నూరేళ్లకు పైగా, ఈ షాపుల నడుమనే, అమ్మానాన్న లేని పిల్లలకు చోటు ఇచ్చిన ఇల్లు. "నీకు చిన్న కానుకైనా ఇచ్చే అమ్మ ఉన్నది, కొందరికి లేదు" అని పిల్లలకు ఆ స్టేషన్ దగ్గర చెప్పండి. భయపెట్టడానికి కాదు, చేయి చాచడం నేర్పడానికి.

చిన్నప్పుడు మా ఊరి సండే స్కూల్‌లో మాకు దొరికిన కానుక పాత క్రిస్మస్ కార్డు. ఎక్కడో దేశంలో ఎవరో ఎవరికో పంపుకున్నది, వెనుక ఇంగ్లీషులో ఎవరిదో పేరు ఉండేది. ఆ కార్డు కంటే మాకు గుర్తున్నది దాన్ని ఇచ్చిన టీచరమ్మ. మా పేరు పెట్టి పిలిచి, తల మీద చేయి వేసి, ఎవరికి ఏ బొమ్మ ఇష్టమో గుర్తుపెట్టుకుని ఇచ్చేది. నాకు పడవ బొమ్మ ఉన్న కార్డు వచ్చేది.

ఇక సంఘములో దేవుడు కొంచెం ఎక్కువ ఇచ్చిన వారికి ఒక విన్నపం. లేని ఇంటి పిల్లలకు ఇవ్వాలనుకుంటే, వేదిక మీదికి పిలిచి, ఫోటో తీసి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. ఆ ఫోటో ఆ బిడ్డ స్నేహితులు కూడా చూస్తారు. కుడిచేయి చేసినది ఎడమచేతికి తెలియనివ్వవద్దని మన ప్రభువే మత్తయి 6లో నేర్పాడు. ఆ కానుకను తల్లిదండ్రుల చేతికి ఇవ్వండి, వారే తమ పిల్లలకు ఇచ్చుకోనివ్వండి. బిడ్డ ముందు తండ్రి ఇచ్చేవానిగా నిలబడడం, ఆ తండ్రికి మీరు ఇచ్చే రెండవ కానుక. ఎవరి ఇంట్లో ఇబ్బంది ఉన్నదో నాకు ఒక్కమాట చెప్పండి, పేర్లు బయటికి రావు.

ఈ శనివారం కుటుంబ ప్రార్థనలో లూకా 2:22-24, 1 సమూయేలు 2:18-19 పిల్లలతో కలిసి చదవండి. రెండు గువ్వలు ఎందుకు తెచ్చారో వారికి చెప్పండి. తరువాత వారిని అడగండి: నీకు ఏమి కొనిపెట్టాలి అని కాదు, ఈ పండుగకు మనమందరం కలిసి ఏం చేద్దాం అని. వచ్చే జవాబులు మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తాయి.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, గొర్రెపిల్ల కొనలేని ఇంటిని నీ కుమారునికి ఇల్లుగా ఎన్నుకున్నందుకు స్తోత్రములు. లెక్క సరిపోని మా ఇళ్లలో సిగ్గును తీసివేయుము. అప్పుల ఉరిలోనుండి నీ పిల్లలను కాపాడుము. మా బిడ్డల మనసు తెలుసుకునే కన్నులు మాకు దయచేయుము. మేమిచ్చే చిన్నదానిలో నీ ప్రేమ వారికి కనబడునట్లు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

మీకందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. 24వ తేదీ రాత్రి ఆరాధనకు పిల్లలందరినీ తీసుకురండి. చలిగా ఉంటుంది, స్వెటర్లు, ఆ బొంతలు మరచిపోవద్దు.